వచ్చారు, వచ్చాడు, వచ్చింది

కోదండపాణి మాస్టారికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఇంటర్ పిల్లలకి కంప్యూటర్ సైన్స్ చెప్పే మనిషి, ఎవరేమడిగినా "రన్ చేసి చూద్దాం" అనేవారు. క్యాంటీన్లో సాంబారు బాగుందా అన్నా అదే మాట. అదే కాలేజీలో తెలుగు చెప్పే నాకు ఒళ్ళు మండేది.

ఒకనాడు రెండో సంవత్సరం చదివే హేమనళిని ల్యాబులో ఆయన్ని నిలదీసింది.

"మనుషులకి మనవాడు, పరాయివాడు అని ఉంటుంది. యంత్రానికి ఆ గొడవే లేదు. మరి మనకంటే అదే న్యాయంగా ఉంటుంది కదా సార్?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది కదా. వచ్చినవాళ్ళని పలకరించే ప్రోగ్రాం ఒకటి రాయి, రన్ చేసి చూద్దాం" అన్నారు.

పిల్ల ఎగిరి గంతేసింది. కారణం లేకపోలేదు. బజారులో జాకెట్లు కుట్టే వాళ్ళమ్మ చిట్టిభారతికి ఈ చదువు మీద బొత్తిగా నమ్మకం లేదు. "తెర ముందు కూచుని టకటకలాడిస్తే అదేం చదువే?" అని రోజూ సణుగుడే. శనివారం కళ్ళారా చూసి, నచ్చితేనే డిగ్రీలో ఇదే చదవనిస్తానంది. అంచేత ఆ ప్రోగ్రాం మీదే నళిని ప్రాణాలన్నీ పెట్టుకుంది.

ఏర్పాటు సులువైనదే. వచ్చినవాళ్ళు పేరూ, చేసే పనీ చెబుతారు. నళిని అవీ, ఆడో మగో కూడా టైపు చేస్తుంది. హాల్లో పెద్ద తెర మీద స్వాగతం పడుతుంది. లెక్చరర్, డాక్టర్, ఆఫీసర్ అంటూ తనకి తోచిన హోదాలన్నీ ఎక్కించి, వాళ్ళకి 'గారు వచ్చారు' అని పెట్టింది. వాళ్ళు కాకుండా మగవాళ్ళయితే 'వచ్చాడు', మిగతా అందరికీ 'వచ్చింది'. ఈ చివరి ముక్క మాత్రం క్లాసులో స్నేహితుల హాజరు కోసం ఎప్పుడో రాసుకున్నది, ఉన్నదున్నట్టు తెచ్చి అతికించింది. స్నేహితుల పేర్లతోనే పరీక్షించి చూసుకుంది. చక్కగా పనిచేసింది, చెయ్యకేం!

శనివారం మొదట ఒక డాక్టరమ్మ వచ్చింది. 'ప్రభావతి గారు వచ్చారు' అని తెర మెరిసింది. చప్పట్లు కొట్టారు. ఆ వెనకే గంజిపెట్టిన చీరలో చిట్టిభారతి. నళిని మురిసిపోతూ అమ్మ పేరు కొట్టి, పని దగ్గర 'టైలర్' అని కొట్టింది.

'చిట్టిభారతి వచ్చింది.'

"కరెంటు వచ్చిందన్నట్టే ఉందిరోయ్!" అన్నాడెవడో వెనకనించి. హాలంతా ఘొల్లుమంది. వాడి చెవి మెలేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. నళిని మొహంలో నెత్తురు చుక్క లేదు.

చిట్టిభారతి తెర వంక కాసేపు చూసి నవ్వింది. "మా పిల్ల రాసిందేలెండి. ఇంట్లో కూడా నన్ను అలాగే అంటుంది" అంది. పిల్లని కాపాడుకుంటూ అన్న మాట అది. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నా, వెళ్ళి గోడవారన చివర కూచుంది.

నళిని కళ్ళు తుడుచుకుని గబగబా ప్రోగ్రాం తెరిచింది. లెక్చరర్, డాక్టర్ల సరసన 'టైలర్' అని చేర్చి మళ్ళీ నడిపింది. 'చిట్టిభారతి గారు వచ్చారు' అని పడింది. గోడవార కూచున్న తల్లి చీర సర్దుకుని నిటారుగా కూచుంది.

నళిని మాస్టారి వైపు తిరిగింది. "సరిచేసేశాను సార్. ఇప్పుడిక తప్పు లేదు."

మాస్టారు తెర వంక చూడలేదు.

"గుమ్మంలో ఇంకొకావిడ నిలబడి ఉన్నారమ్మా" అన్నారు. "ఏం పని చేస్తారని అడక్కుండా పలకరించు, చూద్దాం."