ఓబులేసు పడుగు

ఆ పొద్దున ఓబులేసు పడుగుకు గంజి పెట్టడానికి ఎవరూ రాలేదు.

మా నేతగాళ్ల వీధిలో అట్లా ఎన్నడూ జరగలేదు. ఎవరు పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, వీధిలో చాపినా ఇంటికొకరం వెళ్లి, ఎండ ముదరకముందే రెండు పక్కలా నిలబడి గంజి పూసేస్తాం. పిలుపులు అక్కర్లేదు. అలాంటిది ఆ రోజు అందరం తలుపులేసుకున్నాం. నేనూ వేసుకున్నాను, దాచడమెందుకు?

అతను చేసిన పాపమల్లా ముందురోజు మా నేతగాళ్ల సభలో నోరు విప్పడం. చీరల రంగు దిగిపోతోందని షావుకార్లు సరుకంతా తిప్పి పంపారు. నూలుకు రంగులద్దే ఇమాంబీని ఊరు విడిచిపొమ్మన్నాం. ఓబులేసు లేచి, "ముసలమ్మ తప్పేముంది? చవక రంగు తెచ్చిచ్చింది మనం కాదా?" అన్నాడు.

అంతే, అందరం అతని మీద విరుచుకుపడ్డాం. సాయంత్రానికి ఇమాంబీ మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఓబులేసు గురువు చెన్నదాసు స్వామి ఆ సభలోనే ఉన్నారు. ఒకప్పుడు మగ్గం నేసినాయనే. తల వంచుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున గంజి కుంచె పట్టుకుని ఓబులేసు పడుగు ఆ కొసకీ ఈ కొసకీ పరుగులు తీశాడు. ఒక్కడి వల్ల అయ్యే పనా అది? గంజి ఆరిపోయి పోగులు అతుక్కున్నాయి. విడదీయబోతే పుటుక్కుపుటుక్కున తెగాయి. రెండు నెలల తిండి, పాపం.

కుంచె విసిరేసి గురువు దగ్గరికి పోయాడు.

"నిజం చెప్పమని నేర్పింది మీరే గదా సామీ! నేను చెప్పింది తప్పా?"

"కాదు నాయనా."

"మరి మీరెందుకు పలకలేదు? మీ మాటైతే ఊరు వినేది."

స్వామి లేచి అతని వెంట వీధిలోకి వచ్చారు. మేమంతా కిటికీల్లోంచి చూస్తున్నాం. స్వామి పడుగు పక్కన మట్టిలో చతికిలబడి, తెగిన పోగుల కొసలు వెతికి ముడివేయడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన కళ్లు. ఒక్క ముడికి నాలుగుసార్లు వేళ్లు తడబడ్డాయి.

ఓబులేసుకు కోపమంతా దిగిపోయి ఏడుపొచ్చింది. "వదిలేయండి సామీ, మీకు కనపడదు."

స్వామి ఇంకో కొస అందుకున్నారు.

"నిన్న నేను ఒక్క మాట అంటే సరిపోయేది నాయనా," అన్నారు. "ఈరోజు వెయ్యి ముడులు వేసినా ఇమాంబీ తిరిగి రాదు."