పైడప్ప చెవి పోయిన సంగతి

జూట్ మిల్లు వెనక వీధిలో పైడప్ప, అతని పెళ్ళాం తవిటమ్మ, తమ్ముడు బోడెయ్య ఉండేవాళ్ళు. వీధిలో అందరి తెలివీ ఒక తట్టలో వేసినా తమ ఇంటి తెలివికి సరితూగదని వాళ్ళ గట్టి నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అంతకంటే తెలివేముంది?" అనేది తవిటమ్మ.

పైడప్ప ఇరవై రెండేళ్ళు మిల్లు మగ్గాల మధ్య పనిచేశాడు. ఆ మోతలో పక్కవాడు అరిచినా పెదాలు కదలడమే కనిపించేది. ఒకరోజు పక్కనే ఆవిరి గొట్టం ఢామ్మని పేలింది. అంతే. కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి ముప్పాతిక మూసుకుపోయాయి. ఇంటికొచ్చి, "ఏమే, పోపు వాసనొస్తోంది, చిటపటలు లేవేం?" అని అడిగాడు. తవిటమ్మ బావురుమంది. అదీ వినపడలేదు.

యూనియన్ పెద్ద వచ్చి, "పనిలో చెవి పోయింది. నష్టపరిహారం ఇచ్చి తీరాలి" అన్నాడు.

"పనిలో పోతే అక్కడే దొరుకుతుంది కదా వదినా!" అని బోడెయ్య మిల్లుకి పరిగెత్తాడు. మగ్గాల కింద దూరాడు, నార కుప్పలన్నీ తిరగేశాడు. మగ్గాలు ఆపాల్సొచ్చింది.

"ఏం వెతుకుతున్నావురా?" అన్నాడు మేస్త్రీ.

"అన్నయ్య చెవండి. కుడిది."

"మీ అన్నకి రెండు చెవులూ ఉన్నాయి కదరా!"

"అవి పైకి కనపడేవండి. పోయింది లోపలిది."

మేస్త్రీ వాణ్ణి మెడపట్టి గెంటించాడు.

యూనియన్ పెద్ద తల పట్టుకుని అర్జీ రాసిచ్చాడు. "వెళ్ళి ఈ సంగతి మేనేజరు చెవిన వెయ్యండి" అన్నాడు.

ఇంకేముంది! ముగ్గురూ మిల్లుకెళ్ళారు. భోంచేసి కుర్చీలో కునుకు తీస్తున్న మేనేజరు చెవిలోకి బోడెయ్య అర్జీని సన్నగా చుట్టి దూర్చాడు. "సగమే పట్టింది వదినా" అన్నాడు. మేనేజరు గావుకేక పెట్టాడు. ఆ కేక పైడప్పకి కొంచెం వినపడింది. సంతోషించాడు.

"నా కళ్ళముందు నిలబడకండి!" అని అరిచాడు మేనేజరు.

ముగ్గురూ వినయంగా ఆయన వెనక్కెళ్ళి నిలబడ్డారు. ఆయన ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. తిరిగి తిరిగి ఆయన కళ్ళు తిరిగి కూలబడ్డాడు. మర్నాడే కార్మికశాఖకి మిల్లు నించి ఉత్తరం వెళ్ళింది: పైడప్పకి చెవుడు లేదు, పొగరుంది.

యూనియన్ పెద్ద ఈసారి ముగ్గుర్నీ కార్మికశాఖ ఆఫీసుకి పంపాడు. అక్కడ గుమాస్తా ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఇది ఉండగా మీకేమీ రాదు. ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలి."

"ఏమంటున్నాడే?" అన్నాడు పైడప్ప.

"చెయ్యి తడపాలంట!" అని తవిటమ్మ ఆఫీసు దద్దరిల్లేలా అరిచింది.

అంతే. బోడెయ్య మూలనున్న బిందె ఎత్తి గుమాస్తా చేతుల మీద గుమ్మరించాడు. ఉత్తరంలో సిరా ముద్దయిపోయింది. "మోచేతిదాకా తడిసిందాండి? ఇంకో బిందె తేవాలా?" అని అడిగాడు.

ఆఫీసరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. "ఎవరు తడపమన్నారు?"

"ఈ బాబేనండి. లేకపోతే ఫైలు కదలదంట."

ఆవిడ గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా నేల వైపు చూశాడు. ఆ కేసు ఆవిడే చేతిలోకి తీసుకుంది. పైడప్పని ఆసుపత్రికి పంపింది. మిల్లు మోతకీ పేలుడుకీ చెవులు పాడయ్యాయని డాక్టరు రాసిచ్చాడు. రెండు నెలలకి నష్టపరిహారం వచ్చింది. దాంతోపాటు చెవికి పెట్టుకునే చిన్న మిషను కూడా వచ్చింది.

"చాలా సున్నితమైంది. చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోండి" అని డాక్టరు తవిటమ్మకి చెప్పాడు.

వారానికి యూనియన్ పెద్ద పలకరించడానికొచ్చాడు. పైడప్ప గుమ్మంలో కూర్చునున్నాడు.

"ఏం పైడప్పా, బాగా వినపడుతోందా?"

"ఆఁ?"

"మిషనేదయ్యా?" అని పెద్ద అరిచాడు.

తవిటమ్మ నోటి మీద వేలేసుకుని పరిగెత్తుకొచ్చింది. "మెల్లగా బాబూ, లేస్తుంది!"

లోపల చీర ఉయ్యాల. అందులో మిషను, దానికో దిష్టిచుక్క. బోడెయ్య ఊపుతూ జోల పాడుతున్నాడు.

"పొద్దున్నించీ ఒకటే కుయ్యి కుయ్యి అండి" అన్నాడు గుసగుసగా. "ఇందాకే రెండు చెంచాల పాలు పట్టాం. అప్పట్నించి కిక్కురుమంటే ఒట్టు."