పసిడివాక గంగాళం

దగ్గరికి జరగండి, చెబుతాను. అనగా అనగా పసిడివాక అనే రాజ్యం. దానికి జయకేతుడని ఒక రాజు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు అమరకేతుడు, రెండోవాడు వీరకేతుడు, అందరికంటే చిన్నది జ్వాలావతి. పేరుకు తగ్గట్టే ఆ పిల్లకు ముక్కుమీద కోపం.

ఆ రాజ్యంలో ఒక గంగాళం ఉండేది. ఎప్పుడో పెద్ద కరువొస్తే, ఆడవాళ్ళంతా తమ గాజులూ కడియాలూ మట్టెలూ తీసి ఇచ్చారు. అవన్నీ కరిగించి పోతపోసిన గంగాళం అది. అందులో గుప్పెడు బియ్యం వండినా చాలు, ఊరంతా తిన్నా అన్నం తరిగేది కాదు. అలాంటిది ఒకరోజు తెల్లారేసరికి మాయమైంది.

"ఏడు సముద్రాల అవతల కంకాళుడని ఒక మాంత్రికుడున్నాడు. వాడే ఎత్తుకుపోయాడు. ఏం చేస్తాం, పోయిందేదో పోయింది," అన్నాడు రాజు.

ఆ ఏడు వాన చుక్క పడలేదు. పిల్లలు ఆకులు నమిలారు. ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఒక్కొక్కరే రాలిపోయారు.

"నేను తెస్తాను," అని అమరకేతుడు బయలుదేరాడు. వెళ్ళాడు, వచ్చాడు. నెత్తిన కొత్త పట్టు తలపాగా ఉంది, చేతిలో గంగాళం లేదు. "అద్దాల మేడలో మఖమలు గుడ్డ మీద పెట్టాడు నాన్నా! మన దగ్గరకంటే అక్కడే అందంగా ఉంది," అన్నాడు.

"నేను తెస్తాను," అని వీరకేతుడు బయలుదేరాడు. వెళ్ళాడు, వచ్చాడు. అచ్చం అలాంటిదే ఇత్తడి గంగాళం ఒకటి తెచ్చాడు. అందులో వండిన అన్నం నలుగురు తినేసరికి అయిపోయింది.

జ్వాలావతి దాన్ని ఒక్క తన్ను తన్నింది. అది సభంతా దొర్లింది. "ఆకలితో చస్తున్నవాళ్ళకు బొమ్మ తెచ్చావా, అన్నయ్యా?"

"వద్దు తల్లీ, వాడితో పెట్టుకోకు," అన్నాడు రాజు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె కోట దాటేసింది.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. "ఎక్కడికమ్మా, అంత కోపంగా?"

"కంకాళుడి దగ్గరికి."

"మా అమ్మ డిప్పను వాడు పీటగా వేసుకుని కూర్చుంటున్నాడు. ఎక్కు నా వీపు మీద!"

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. అవతల కళ్ళు చెదిరే అద్దాల మేడ. దాని వాకిట్లో ఒక యువకుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దక్షిణదీవి రాజకుమారుడు, పేరు సుమేధుడు. తన జనం వాయించుకునే రాతివీణను మాంత్రికుడు పట్టుకుపోతే, ఇమ్మని అడగడానికి వచ్చాడట.

"ఎన్నాళ్ళుగా అడుగుతున్నావు?"

"మర్యాదగా అడుగుతున్నానండీ. వచ్చినప్పుడు నాకు మీసమైనా లేదు."

ఆమె అతని గడ్డం వైపు చూసింది. "ఇక మర్యాద చాలు. పద," అంది.

లోపల ఎటు చూసినా దొంగసొమ్మే. ఏ దేవుడి కిరీటమో, ఏ పెళ్ళికూతురి వడ్డాణమో! మధ్యలో పసిడివాక గంగాళం ఉంది. దాని అడుగున తరాల నుంచి పేరుకున్న మసిని ఎవరో గీకి గీకి తోమేశారు. అది చూడగానే జ్వాలావతి, "ఇది మాది, ఇచ్చెయ్!" అని అరిచింది.

"నేను తెచ్చాను గనుక ఇంత తళతళలాడుతోంది," అన్నాడు కంకాళుడు. "మీ దగ్గరుంటే సొట్టలు పడేది. మీదే అంటావా? అయితే మూడు పరీక్షలు గెలువు."

వాడు చిటికె వేయగానే ఒక్క గంగాళం వందయింది. "అసలుది ఏదో చెప్పు!" జ్వాలావతి ఒక్కోదాని లోపలా చెయ్యి పెట్టి తడిమింది. అసలుదానిలో ఒకచోట, కరగకుండా మిగిలిపోయిన చేతిగాజు ముక్క వేలికి తగిలింది. "ఇదే!" అంది.

"అయితే నిప్పు లేకుండా ఇందులో అన్నం వండు."

నీళ్ళూ బియ్యమూ పోసి, ఆమె రెండు చేతులూ గంగాళానికి ఆనించింది. ఇంటి దగ్గర ఆకులు నమిలిన పిల్లలు గుర్తొచ్చారు. ఒళ్ళంతా మండింది. ఆ వేడికి నీళ్ళు కాగాయి, అన్నం ఉడికింది.

మాంత్రికుడు నవ్వాడు. "ఇక మూడోది. దీన్ని నాకు ఇవ్వలేదని మీ నాన్న చేత చెప్పించు చూద్దాం! ఆయన జుట్టు ఈ వయసులోనూ ఎందుకంత నల్లగా ఉందనుకున్నావు? ముసలితనం రాకుండా చేస్తానంటే, గంగాళాన్ని తన చేత్తోనే నాకు అప్పగించాడు."

జ్వాలావతి గంగాళం అంచు గట్టిగా పట్టుకుంది. తరువాత మెల్లగా అంది: "మా నాన్న ఇచ్చి ఉండొచ్చు. కానీ అది మా నాన్నది కాదు. ఆయన ఒక్క మట్టె కూడా వేయలేదు అందులో."

అంతలో, ఆ అన్నం మెతుకులు తిన్న ఒక ఎలుక ఆమె పాదాన్ని గీరింది. "వాడి ప్రాణం మేడ మీది చిలకలో ఉంది. పంజరం తాడు కొరికేశాను, పరుగెత్తు!"

పరుగున పోయి ఆమె చిలకను అందుకుంది. సుమేధుడు తలుపుకు అడ్డంగా నిలబడి మాంత్రికుణ్ణి ఆపాడు.

"మెడ తిప్పెయ్యకు తల్లీ," అని ఏడ్చింది చిలక. "నన్నూ మా అడవి నుంచి వాడే ఎత్తుకొచ్చాడు. నేను ఈ గోడ దాటితే చాలు, వాడు బతకడు."

"అయితే మీ ఇంటికి పో!" అని జ్వాలావతి దాన్ని ఆకాశంలోకి ఎగరేసింది. చిలక గోడ దాటింది. కంకాళుడు బూడిదై రాలిపోయాడు. అద్దాలన్నీ భళ్ళుమన్నాయి.

వాడి ఓడల్లోకే వాడి సొమ్మంతా ఎక్కించి ఇద్దరూ బయలుదేరారు. తాబేలు తన తల్లి డిప్పను వీపున పెట్టుకుంది. దారిలో దక్షిణదీవి ప్రజలకు వీణ అప్పగించి, పసిడివాక చేరారు. కోటలో రాజు జుట్టు ముగ్గుబుట్టలా తెల్లబడి ఉంది.

"ఇచ్చావా, లేదా? అదొక్కటి చెప్పు నాన్నా."

నిండు సభలో రాజు తల వంచుకున్నాడు. "ఇచ్చానమ్మా. ముసలితనమంటే భయమేసింది."

"ముసలివాళ్ళు కావడానికి నోచుకోని పిల్లలు ఎంతమంది పోయారో తెలుసా నీకు?" అంది ఆమె. "కిరీటం దించు. రేపటి నుంచి గంగాళం దగ్గర నిలబడి నువ్వే వడ్డించాలి. ప్రతి ఒక్కరి మొహం చూసి వడ్డించాలి."

రాజు కిరీటం దించాడు. మర్నాడు గరిటె పట్టుకున్నాడు. మొదట వచ్చిన తల్లి మొహం చూడలేక ఏడ్చాడు. అయినా వడ్డించాడు.

ఊరంతా కడుపునిండా తిన్నాక జ్వాలావతికి పట్టాభిషేకం, సుమేధుడితో పెళ్ళి జరిగాయి. ఇద్దరూ చాలాకాలం చల్లగా పాలించారు. కిరీటాలూ వడ్డాణాలూ ఓడలెక్కి ఎవరివి వారికి చేరాయి. ఒక్క పసిపాప వెండి గజ్జె మాత్రం ఎవరిదో తేలలేదు. ఖజానాలో పెడదామన్నారు మంత్రులు. ఆమె ఒప్పుకోలేదు. రేవు దాటే ప్రతి ఓడలోనూ దాన్ని పంపింది. అది తిరిగివచ్చిన ప్రతిసారీ, జుట్టు నెరిసిన ఆ మహారాణి కళ్ళు ఎర్రబడేవి.

"ఇంకా దూరం పోండి," అనేది. "మళ్ళీ తెరచాప ఎత్తండి."