కత్తి తగలని గులాబి

కొండల నడుమ, పొద్దెక్కేదాకా మంచు విడవని ఒకానొక చిన్న రాజ్యాన్ని జయకేసరి భూపతి ఏలుతుండేవాడు. ఆయనకు తన పేరంటే వల్లమాలిన మురిపెం. పట్టపుటేనుగుకు ఆ పేరే, కోట బురుజుకు ఆ పేరే, వంటశాలలో పెద్ద గంగాళానికీ ఆ పేరే.

ఒకసారి పరదేశపు వర్తకుడొకడు గులాబి మొక్క తెచ్చి కానుకిచ్చాడు. పూస్తే సాయంకాలపు మబ్బు రంగులో ఉంటుందన్నాడు. రాజు పొంగిపోయి దానికీ తన పేరే పెట్టి, జయకేసరి అన్న పేరున్న దేనికీ కత్తి తగలరాదని, తగిలించినవారు దేశం విడిచి పోవాలని దండోరా వేయించాడు.

తోట చూసేది చెన్నక్క. తండ్రి పోయాక ఆ తోటే ఆమె లోకం. తెల్లవారుతూనే ఆకులమీది మంచుబొట్లు చూస్తే తప్ప ఆమెకు పొద్దు గడిచేది కాదు.

మూడేళ్లయింది. గులాబి మనిషెత్తు పెరిగింది, ఒక్క మొగ్గ వేయలేదు. ఎండుకొమ్మలు కోస్తే గాని పూయదని చెన్నక్క మొరపెట్టుకుంది. రాజు వినలేదు సరికదా, రెండు నెలల్లో, వసంతోత్సవం నాటికి పువ్వు చూపకపోతే తోట వదిలి పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం చెన్నక్క మొక్క పక్కనే కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఆస్థాన మంగలి ఓబన్న ఇంటికి వెళ్లింది.

మర్నాటినుంచి ఓబన్న రాజుకు గడ్డం గీయడం మానేశాడు. ఒకరోజు ఒంట్లో నలతన్నాడు. ఒకరోజు మంగళవారమన్నాడు. ఇంకోరోజు కత్తి సానకు పోయిందన్నాడు. పదో రోజుకు రాజు ముఖం ఎలుగుబంటిని తలపించింది. మర్నాడేమో పొరుగురాజు విందుకు వస్తున్నాడు.

భటులు ఓబన్నను సభకు ఈడ్చుకొచ్చారు. అంతా చెన్నక్క చెప్పినట్టే చేశానని వాడు ఒప్పేసుకున్నాడు. ఆమెనూ పిలిపించారు.

"మా గడ్డంతో నీకేం పనే?" అని గద్దించాడు రాజు.

"వాణ్ణి కాపాడదామనే, ప్రభూ. జయకేసరి అన్న పేరున్న దేనికీ కత్తి తగలరాదన్నారు. తమకంటే ఆ పేరు ఇంకెవరికుంది? పిల్లలుగలవాడు, దేశం విడిచి ఎక్కడికి పోతాడు?"

సభలో ఎవరో దగ్గినట్టు నవ్వారు.

"పిచ్చిదానా, గడ్డం గీస్తే మాకేం నష్టమే? మళ్లీ ఒత్తుగా వస్తుంది. ముఖానికి కళ కూడాను."

చెన్నక్క చేతులు జోడించింది. "మొక్క తరఫున ఈ మాట ఎలా విన్నవించాలా అని మూడేళ్లుగా కుమిలిపోతున్నాను. ఏలినవారే సెలవిచ్చేశారు."

రాజు గడ్డం గోక్కుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. ముందు తన గడ్డం, తర్వాత గులాబి, రెండూ ఆపూటే కానిమ్మన్నాడు.

చెన్నక్క ఎండుకొమ్మలు తీసేసి, పచ్చివాటిని మోకాలెత్తుకు కోసి, కోసిన చోటల్లా పేడ అద్ది, మొదట్లో ఎరువు వేసింది. ఎర్రెర్రటి చిగుళ్లొచ్చాయి. వసంతోత్సవం నాటి పొద్దున పదకొండు పువ్వులు విచ్చుకున్నాయి. నిజంగా సాయంకాలపు మబ్బు రంగే. రాణి ఒకటి జడలో తురుముకుంటే రాజు చూపు తిప్పుకోలేకపోయాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు.

"కోసిన పచ్చికొమ్మలు పారేయలేదు ప్రభూ, తడి ఇసుకలో గుచ్చాను. చిగురించాయి. ఊళ్లో ఇంటికొకటి పంచుకోనివ్వండి."

రాజు ముఖం ముడుచుకున్నాడు. "మా పేరుగల మొక్క ప్రతివాడి పెరట్లోనా?"

"ఇప్పుడు తమ పేరు దండోరా వేస్తేనే జనం చెవిన పడుతోంది. ఇవి పూశాయంటే, ఊళ్లో ఆడపిల్లలంతా తమ పేరు ముచ్చటపడి తలలో పెట్టుకుంటారు."

రాజు సింహాసనం అదిరేలా నవ్వాడు. మొక్కలు పంచుకోమన్నాడు, ఆ తోటను తరతరాలకూ ఆమె వంశానికే మాన్యంగా రాసిచ్చాడు. దండోరా వేసేవాడికి మాత్రం ఆ ఏడు పని తగ్గిపోయింది.