రోడ్డు మీద తెల్లెద్దు

అనగనగనగా, ఏడు ఊళ్లకు కలిపి ఒక్క వీధిదీపమూ లేని తారురోడ్డు. ఆ రోడ్డు పక్కన ఎల్లమంద అనే రైతు. ఆయనకో ముసలి తెల్లెద్దు. పొద్దస్తమానం దున్ని దున్ని ఆ ఎద్దు ఎంత అలిసిపోయేదంటే, తన నీడను కూడా ఈడ్చలేక మధ్యమధ్యలో ఆగి రొప్పేది.

మొక్కజొన్న గింజలు ఆరబెట్టడానికి ఎల్లమంద రోడ్డునే కళ్లం చేసుకున్నాడు. చీకటి పడగానే గింజలు కుప్పచేసి నల్ల పట్టా కప్పేవాడు. పట్టా లేచిపోకుండా చుట్టూ నల్లరాళ్లు పెట్టేవాడు. ఒక్కో రాయి ఒక్కో కొండ!

మొదటి రాత్రి ఎద్దు వెళ్లి కుప్ప ముందు నిలబడింది. పాలవాడి మోపెడ్ వచ్చింది. దాని వెలుగు తెల్లటి ఒంటి మీద పడగానే పాలవాడు పక్కకు తప్పుకున్నాడు. "రోడ్డు మీ తాతదా?" అని తిట్టి పోయాడు.

రెండో రాత్రి పెళ్లివారి వ్యాను. వాళ్లూ తప్పుకున్నారు, వాళ్లూ తిట్టారు. కాళ్లు వణుకుతున్నా ఎద్దు నిలబడే ఉంది.

మూడో రాత్రి ఎల్లమంద దాన్ని లాక్కొచ్చి గుంజకు కట్టేశాడు.

"రాత్రంతా షికార్లు, పగలంతా నాగలి దగ్గర కునుకులు! పడుకో."

"పడుకోవాలనే ఉందయ్యా," అంది ఎద్దు. "మరి ఆ రాళ్లో?"

"ఎక్కడున్నాయో నాకు తెలీదా?"

"నీకు తెలుసు. వచ్చేవాళ్లకు తెలీదుగా."

అంతలో దూరాన ఆటో చప్పుడు. మిరపకోతకు వెళ్లిన కూలీలు, నలుగురు పట్టే ఆటోలో నలభైమంది, తిరిగొస్తున్నారు.

"మన అచ్చమ్మ అందులోనే ఉందయ్యా," అంది ఎద్దు.

కూతురి పేరు వినగానే ఎల్లమంద పరుగెత్తాడు. కప్పుకున్న నల్ల గొంగడితోనే రోడ్డెక్కి, "ఆగండి! ఆగండి!" అని చేతులూపాడు. చీకట్లో నల్ల గొంగడి ఎవరికి కనిపిస్తుంది? ఆటో మోతలో కేక ఎవరికి వినిపిస్తుంది? ఆటో వస్తూనే ఉంది.

ఎద్దు గుంజ పీక్కుని వచ్చి అడ్డంగా నిలబడింది. ఆటో కీచుమని ఆగింది. ముందు చక్రానికీ ఎద్దు గిట్టకూ మధ్య చీమ దూరేంత సందు మిగిలింది; గిట్ట వెనకే రాయి.

అచ్చమ్మ దిగి రెండడుగులు వేసి తండ్రినే గుద్దుకుంది.

"ఓ నాన్నా, నువ్విక్కడున్నావా? మాకు ఎద్దొక్కటే కనిపించింది!"

ఎల్లమంద రాళ్ల వైపు నడిచాడు. వంగి, ఒక్కో రాయే పొలంలోకి దొర్లించాడు. పొద్దుటినుంచీ వంగి వంగి నడుములు పడిపోయిన కూలీలు కూడా, గొణుక్కుంటూనే, గింజలు గంపలకెత్తారు. తెల్లారేసరికి రోడ్డు ఖాళీ.

ఎద్దు మాత్రం మూడు రోజులు నిద్రపోయింది. దాని గురకకు ఊళ్లో పెంకులన్నీ ఎగిరిపడ్డాయి. అయినా ఎవరూ లేపలేదు.

మనం పెట్టిన అడ్డు మనకు తెలుసు, చీకట్లో వచ్చేవాడికి తెలియదు. పెట్టిన చెయ్యే దాన్ని తియ్యాలి.