ఎదుటిపక్షం వకీలు

కృపాకరరావు హైదరాబాదులో పేరున్న వకీలు. హత్యలూ విడాకులూ ఆయన ముట్టడు. కంపెనీకీ కంపెనీకీ మధ్య తగాదాలు, మాట తప్పిన కాంట్రాక్టులు, వాటాదారుల గొడవలు, ఇవే ఆయన తిండీ నిద్రా. అయితే ఈమధ్య తిండి సహించడం లేదు, నిద్ర అసలే లేదు.

కారణం బయటి కేసు కాదు. తనతో కలిసి ప్రాక్టీసు మొదలుపెట్టిన స్నేహితుడు విశ్వంభరం విడిపోయి వేరే ఆఫీసు పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఒక పెద్ద సిమెంటు కంపెనీ కేసులన్నీ పట్టుకుపోయాడు. కృపాకరరావు ఊరుకునే మనిషా? స్నేహితుడి మీదే దావా వేశాడు. సోమవారం వాయిదా.

శనివారం పొద్దున్నే పెన్న ఒడ్డున, తను గురువుగా నమ్ముకున్న స్వామి ఆశ్రమానికి వచ్చి కూలబడ్డాడు. స్వామి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

“స్వామీ, ఈ వృత్తి మానేస్తాను. ఇన్నేళ్లూ మనుషుల్ని ఓడించడమే నేర్చుకున్నాను. నా బుర్ర పాడైపోయింది. నన్ను ఇక్కడే ఉండిపోనివ్వండి.”

“ఉందువుగానిలే,” అన్నారు స్వామి. “ముందు ఒకటి చెప్పు. కేసులు ఎలా గెలుస్తావు?”

పని గురించి అడిగితే వకీలు నోరు ఆగుతుందా!

“వాయిదా ముందు ఎదుటిపక్షం వకీలుని నేనే అవుతాను స్వామీ. జూనియర్లని కూర్చోబెట్టి వాళ్ల తరఫున వాదిస్తాను. ఉత్తుత్తికి కాదు, గెలవాలనే వాదిస్తాను. అప్పుడుగానీ మా కేసులో లొసుగులు బయటపడవు.”

“మరి ఈ కేసుకి అలా వాదించావా?”

“లేదు స్వామీ. వాడి తరఫున వాదించడానికేముంది? వాడు చేసింది కళ్లెదుటే ఉంది.”

స్వామి చేట పక్కన పెట్టారు. అరుగెక్కి మఠం వేసుకుని కూర్చున్నారు. కండువా భుజాల నిండా కప్పుకుని గొంతు సవరించుకున్నారు.

“జడ్జి వచ్చాడు. విశ్వంభరం తరఫు వకీలు ఎవరయ్యా?”

కృపాకరరావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్వామి మొహంలో మాత్రం నవ్వు లేదు. చేసేది లేక లేచి నిలబడ్డాడు.

మొదట ముక్తసరిగా లాగించాడు. కంపెనీ తనంతట తనే వకీలుని మార్చుకుందన్నాడు. మార్చుకునే హక్కు ఎవరికైనా ఉందన్నాడు. జడ్జిగారు ఆవలించారు. దాంతో వకీలుకి రోషం వచ్చింది.

“అసలు ఆ కంపెనీని ఆఫీసుకి తెచ్చిందే నా క్లయింటు. కృపాకరరావు కామెర్లతో మంచం పట్టినప్పుడు ఆ కంపెనీ పెద్ద కేసంతా ఒంటిచేత్తో నడిపింది నా క్లయింటు. గెలిచాక పేపర్లో పేరొచ్చింది కృపాకరరావుకి. సన్మానసభలో శాలువా కప్పింది కృపాకరరావుకి. నా క్లయింటు కింద కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ రోజు మైకు కృపాకరరావు చేతిలోనే ఉంది. ఇది విశ్వంభరం గెలిచిన కేసు అని ఒక్క మాట, ఒక్క మాట...”

వకీలు చెయ్యి జేబులోని ఫోను మీదకి పోయింది.

“ఆగావేం? ఇంకా ఉందా?” అన్నారు స్వామి.

“ఉంది స్వామీ. కానీ అది జడ్జికి చెప్పేది కాదు. వాడికి చెప్పాలి.”

ఫోను తీసుకుని ఏటి ఒడ్డుకి నడిచాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఓసారి కళ్లు తుడుచుకోవడం, ఇంకోసారి పెద్దగా నవ్వడం ఆశ్రమం దాకా తెలిసింది. తిరిగొచ్చేటప్పటికి మనిషి నడకే తేలికపడింది.

“దావా వెనక్కి తీసుకుంటున్నాను స్వామీ. రేపు భోజనానికి రమ్మన్నాడు. తిట్టాల్సినవి ఇంకా ఉన్నాయట, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాడట.” ఆ మాట ఎంతో సంతోషంగా చెప్పాడు. చెప్పాక మొదట అడిగింది గుర్తొచ్చి, కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు. “మరి నేను వృత్తి మానేసే సంగతి...”

స్వామి అప్పటికే చేట ముందుకు లాక్కున్నారు.

“ఇంత మంచి వకీలుని విశ్వంభరానికి లేకుండా చేయమంటావా నాయనా?”