చెత్తదిబ్బ మీద మెంతికూర

అనగనగా ఊరి చివర, ఆ చివరికి కూడా చివర, ఒక పేట ఉండేదట బుజ్జీ. పట్నంలో అడ్డమొచ్చారని కొందరిని తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. ఇళ్ళిచ్చారు, కరెంటిచ్చారు, వాళ్ళకీ ఆకలేస్తుందన్న సంగతి మరిచిపోయారు. కూరల బండి అటు వచ్చేది కాదు. కొట్లో చిప్స్ పొట్లాలు మాత్రం మూడు రంగుల్లో దొరికేవి.

ఆ పేటలో సన్యాసమ్మ అని ఒకావిడ. ఆవిడ కోడలు గౌరికి ఐదో నెల. ఒంట్లో రక్తం లేదు, ఆకుకూరలు తినిపించమని డాక్టరమ్మ చెప్పింది. అవి ఎక్కడ దొరుకుతాయో చెప్పలేదు. పాపం, అది ఆవిడ చదువులో లేదేమో.

ఇళ్ళ మధ్య ఒక చెత్తదిబ్బ ఉండేది. అప్పుడు సన్యాసమ్మ ఆడవాళ్ళని పోగుచేసి, మూడు రోజులు ఆ దిబ్బ ఎత్తి, తోటకూర చల్లింది. మగవాళ్ళూ సాయం చేశారు. గట్టు మీద కూర్చుని ఎలా తవ్వాలో చెప్పారు.

మొలకలు రాగానే మునిసిపాలిటీ అయ్యగారు వచ్చాడు. రెండేళ్ళుగా చెత్త ఎత్తడానికి దారి తెలియని మనిషికి, నాలుగు ఆకులు మొలిచేసరికి దారి తెలిసిపోయింది. తన పుస్తకంలో అది చెత్త వేసే స్థలమట. చెత్త తప్ప ఇంకేమీ వేయకూడదట. మొలకలన్నీ పీకించి, ఇక్కడ చెత్త మాత్రమే వేయాలని ఒక బోర్డు పాతించి పోయాడు. గౌరి గుమ్మంలో నిలబడి చూసింది. దాని ముఖం సున్నం కొట్టినట్టుంది.

సన్యాసమ్మకి ఒళ్ళు మండింది. అయినా అరవలేదు. ఇంటింటికీ వెళ్ళి ఒకటే మాట చెప్పింది.

"ఆయన చెప్పినట్టే చేద్దాం వదినా. చెత్తే వేద్దాం."

ఆ తర్వాత ఒకావిడ పోపులపెట్టెలోని పాత మెంతులు పారేసింది. ఇంకొకావిడ పుట్టింటి నుంచి తెచ్చిన ముదురు ఆనపకాయ పగలగొట్టి విసిరేసింది. సన్యాసమ్మ కొంగున మిగిలిన తోటకూర విత్తనాలు దులిపేసింది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా, ఎవరికీ అక్కర్లేనట్టు, అందరూ అక్కడే పారబోశారు.

రెండు నెలలకి అయ్యగారు మళ్ళీ వచ్చాడు. దిబ్బంతా పచ్చగా ఉంది. ఆనపతీగ ఆయన పాతించిన బోర్డునే పందిరి చేసుకుంది.

"ఏమిటిదంతా?" అన్నాడు.

"చెత్తే బాబూ," అంది సన్యాసమ్మ. "మీరు ఎత్తలేదు కదా, పెరిగిపోయింది."

అయ్యగారు పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. పెరిగిన చెత్తని ఏం చేయాలో అందులో రాసి లేదు. అప్పటికి లోపల గౌరి మెంతికూర పప్పుతో మారన్నం వడ్డించుకుంటోంది.

కథేమో కంచికి,
కూరేమో కంచానికి,
నువ్వేమో మంచానికి.